బిళ్ళ ఎవరు తగిలించారు

మార్చి 4

మరిదీ,

వదిన ఆశీస్సులు. ఉత్తరమన్నాక క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వు వెళ్ళి నెల దాటింది, ఒక్క కార్డు ముక్క లేదు. అడ్రసు కూడా నీ జతగాళ్ళని అడిగి పట్టాను. ఆ రేవులో ఏం తింటున్నావో, ఎక్కడ పడుకుంటున్నావో మాకు తెలియదు. అత్తయ్య రోజూ పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపించిందంటుంది. పక్కన పిడుగు పడినా వినపడని మనిషికి ఆ బెల్లు ఒక్కటే ఎలా వినపడుతుందో మరి!

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో అన్నమాట గాలికి పోతుంది, ఏదైనా కాగితం మీద అడగండి అంది లాయరమ్మ. అవును, లాయరమ్మే. మీ వదిన లాయరాఫీసు గడప తొక్కింది.

మొన్న సోమవారం కంపెనీ సంక్షేమం ఆఫీసరు మనింటికి వచ్చాడు. ఎప్పుడూ పళ్ళు బయటపెట్టుకుని ఉంటాడని మీ అన్నయ్య ఇకిలింపు ఆఫీసరని పేరు పెట్టాడే, ఆయనే. చావు జరిగిన ఇంటికి కూడా అదే ముఖంతో వచ్చాడు. నా కుట్టుమిషను మీద ఒక కాగితం పరిచి, కలం మూత కూడా తనే తీసి, "కంపెనీ దయతో ఇస్తున్న సాయమమ్మా, ఇక్కడొక సంతకం పెట్టండి" అన్నాడు. నేను చదివింది ఏడో తరగతే అయినా కూడబలుక్కుని మొత్తం చదివాను. ఆ రోజు మీ అన్నయ్య షిఫ్టు మధ్యలో పైకి వచ్చేశాడట. మళ్ళీ ఎవరికీ చెప్పకుండా సొంత పని మీద లోపలికి దిగాడట. అప్పుడు గని కప్పు కూలిందట. కాబట్టి కంపెనీకి బాధ్యత లేదు గానీ దయ ఉందట. సంతకం పెడితే ఇక ఏ కోర్టులోనూ ఏమీ అడగనని ఒప్పుకున్నట్టట.

సొంత పనేమిటి? గనిలో మీ అన్నయ్యకి అత్తారిల్లేమైనా ఉందా?

అందుకే లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు చిన్నది. ఫైళ్ళ మధ్య కుర్చీ కూడా సరిగ్గా జరగని గదిలో కూర్చుని, నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పింది. పనిలో ఉండగా ప్రాణం పోయినా, కాలో చెయ్యో పోయినా పరిహారం మన హక్కట. తప్పెవరిదని రుజువు చెయ్యక్కర్లేదట. గడువు దాటకుండా కార్మిక కోర్టులో అర్జీ పెడితే చాలు. అలా కాకుండా కంపెనీ నిర్లక్ష్యం వల్లే పోయాడని మామూలు కోర్టులో దావా కూడా వెయ్యొచ్చు, కానీ ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఇవి కాక గనుల తనిఖీ అధికారికి ఫిర్యాదు చెయ్యొచ్చు. దాని వల్ల మన చేతికేమీ రాదు, కానీ బాధ్యులు బోనెక్కాల్సి వస్తుంది. నాకు అదే నచ్చింది. "ముందు అర్జీ గెలుద్దామండీ" అని నవ్వింది. ఏది చెయ్యాలన్నా, కప్పు కూలినప్పుడు ఆయన పనిలో ఉన్నాడని తేలాలి.

ఆ రోజు ఆయన పక్కన ఉన్నది నువ్వొక్కడివే. మీ అన్నయ్య పైకి వచ్చాడా? ఒక్క మాట రాయి.

ఆఫీసరు కాగితం సంతకం లేకుండా తిప్పి పంపాను. కలం మూత మాత్రం మిషను కింద దొర్లిపోయి నా దగ్గరే ఉండిపోయింది.

నీ జవాబు కోసం కళ్ళు కాయలు కాస్తున్న
వదిన

మార్చి 13

వదినకి నమస్కారం. అమ్మకి నా దండాలు, కాస్త గట్టిగా చెప్పు.

నేను బాగానే ఉన్నాను. రేకుల షెడ్డులో ఆరుగురం ఉంటున్నాం. ఇక్కడ పనికంటే ఆకాశంతోనే ఇబ్బంది. పదమూడేళ్ళు నెత్తి మీద బండ పెట్టుకుని పనిచేసినవాడికి పైన ఏమీ లేకపోతే ఒళ్ళు జలదరిస్తుంది. క్రేన్ మీద పెట్టె ఊగితే చాలు, అందరికంటే ముందు నేను వంగిపోతాను. నాకు వంగుడు అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతున్నాను కూడా.

సంతకం పెట్టెయ్ వదినా. కంపెనీతో పెట్టుకుని బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు. ఏళ్ళ తరబడి తిప్పుతారు. మిషను తొక్కుకునేదానివి, నీకెందుకీ కోర్టులు? గెలిచినా అన్నయ్య రాడు కదా.

నువ్వడిగిన సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు. అంతా దుమ్ము. దుమ్ము తప్ప ఏమీ గుర్తులేదు.

అమ్మ చెవిలో వేసే మందు పంపుతున్నాను. రెండు పూటలా వెయ్యి.

మరిది

మార్చి 22

మహారాజశ్రీ మరిది గారి సముఖానికి,

తమరి ఉత్తరం అందింది. చెవి మందూ అందింది. తమరు సెలవిచ్చిన సలహా అత్తయ్యకి వినిపించలేదు. ఆవిడకి వినపడకపోవడం ఒక్కోసారి అదృష్టమే.

తమరికి గుర్తులేదన్నారు గానీ కంపెనీ వారికి అన్నీ గుర్తున్నాయి. మేం పెట్టిన అర్జీకి జవాబు దాఖలు చేశారు. మీ అన్నగారి బిళ్ళ, నూట పధ్నాలుగో నంబరు, ఆ రోజు పదకొండూ నలభైకి, దీపాలిచ్చే ల్యాంపు రూము బోర్డు మీద తన మేకుకి వేలాడుతోందట. రిజిస్టర్లో ఉంది. కప్పు కూలింది పన్నెండింటికట. బిళ్ళ మేకు మీద ఉందంటే మనిషి బయటికి వచ్చినట్టే కదా! ఇంకో కాగితం కూడా జతపరిచారు. అన్నగారు పైకి రావడం కళ్ళారా చూశానని తమరు ఇచ్చిన వాంగ్మూలం. కింద తమరి సంతకం. ఆ 'మ' తోక నేను నేర్పిందే, ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఆఫీసరు కోర్టు మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పాడు: "మీ మరిది తెలివైనవాడమ్మా. గొడవల్లో దూరకుండా మంచి చోట కుదురుకున్నాడు." ఎవరు కుదిర్చారని అడిగితే మళ్ళీ ఇకిలించాడు. మూడు రోజుల్లో ఊరొదిలి వెళ్ళడమెందుకో, నెలరోజులు ఉత్తరమెందుకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది. అన్నని ఎంతకి అమ్మారని అడగను. అడిగితే చెప్పేస్తారేమోనని భయం.

నేను సంతకం పెట్టను. తమరు పెట్టారు కదా, ఇంటికి ఒక్కటి చాలు.

ఇట్లు,
తమరు నిక్కర్లు తొడుక్కునే వయసులో అన్నం కలిపి పెట్టిన ఒక మనిషి

ఏప్రిల్ 1

వదినా,

తిట్టు, వచ్చి చెంప పగలగొట్టు, గారు మాత్రం అనకు. నేను తట్టుకోలేను.

ఈ పని నాకెవరూ ఇప్పించలేదు. రైలు ఎక్కడ ఆఖరైతే అక్కడ దిగాను, అది రేవు. అంతే. నీకు చెప్పకూడదనుకున్నది చెబుతాను. చదివి చింపెయ్.

కప్పుకి ఆసరాగా నిలబెట్టే దుంగలు మూడు రోజులుగా రాలేదు. ఆ పొద్దున అన్నయ్య గడ్డపారతో కప్పుని తట్టి చూశాడు, బోలుగా మోగింది. "దుంగలు లేకుండా దీని కింద పని చెయ్యకూడదు సార్" అని షిఫ్టు ఇన్‌చార్జితో అన్నాడు. "రేపొస్తాయి, ఇవాళ్టికి కానివ్వండి" అన్నాడాయన. పదకొండుంబావుకి కూలింది. పన్నెండింటికి కాదు. నేను మంచినీళ్ళ డబ్బా కోసం పదడుగులు వెనక్కి వచ్చాను, అందుకే మిగిలాను.

చేతులతో తవ్వాను. అన్నయ్య చెయ్యి దొరికింది. పట్టుకున్నాను. అది నా చెయ్యి పట్టుకోలేదు.

బిళ్ళల సంగతి నీకు కొంత తెలుసు. లోపలికి దిగేవాడు బోర్డు మీంచి తన బిళ్ళ తీసుకెళ్తాడు, పైకి వచ్చాక మళ్ళీ తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి కింద ఉన్నట్టు. ఎవడైనా లోపల పోతే, మోసుకొచ్చినవాడే వాడి బిళ్ళ తీసి మేకుకి తగిలిస్తాడు. చచ్చినవాడైనా సరే, కిందే ఉండిపోయినట్టు మిగలకూడదని మావాళ్ళ పట్టింపు. ఏ రూల్లోనూ ఉండదు. పనివాళ్ళందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలియదు.

నేను అన్నయ్యని మోసుకొచ్చేదాకా ఆగలేదు. బిళ్ళ ఆయన మణికట్టుకి తాడుతో కట్టి ఉంది. తెంపుకుని మనుషుల కోసం పైకి పరిగెత్తాను. ల్యాంపు రూము ముందుకి రాగానే నా చెయ్యి దానంతటదే తగిలించేసింది. రక్షణ బృందం వాళ్ళు బోర్డు చూసి, "మీ అన్న బయటే ఉన్నాడుగా, ఎవర్ని తియ్యాలి?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. వాళ్ళకి అర్థమయ్యేసరికి పావుగంట పోయింది. ఆ చెయ్యి చల్లబడలేదు వదినా. ఆ పావుగంటలో అన్నయ్య బతికే ఉన్నాడేమో. బతికున్న మనిషిని నేనే పోయాడని తేల్చేశానేమో. ఆ సాయంత్రం ఆఫీసులో తెల్లకాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఉరికంబం ఎక్కిస్తామని రాసున్నా పెట్టేవాణ్ణి.

ఇది చెప్పలేకే పారిపోయాను. అమ్మకి చెప్పకు.

నీ చేతి ముద్ద తిన్నవాడు

ఏప్రిల్ 9

చిన్నోడా,

చింపెయ్ అన్నావు. చింపేలోపు వీధంతా విన్నది.

తప్పు నాది కాదు, మీ అమ్మది. నేను గోడకి తిరిగి నీ ఉత్తరం చదువుకుంటుంటే భుజం పట్టి లాగి, "వాడేం రాశాడో నాకు చదివి వినిపించు, లేకపోతే నేను ముద్ద ముట్టను" అని కూర్చుంది. ఏదో కల్పించి చెప్పబోయాను. "అది కాదు, నీ ముఖం వేరే మాట చెబుతోంది" అంది. ఇక చదివాను. ఆవిడకి వినపడాలంటే ఎంత గట్టిగా చదవాలో నీకు తెలుసు. సగంలో తల ఎత్తి చూస్తే గుమ్మం ముందు ఇరవైమంది నిలబడి ఉన్నారు. పొద్దున షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు, ముఖాల మీద బొగ్గు కూడా కడుక్కోలేదు. ఎదురింట్లో ఉండే ల్యాంపు రూము గుమాస్తా కిటికీ రెక్కలు దగ్గరికి వేసుకున్నాడు.

దాచను, ఒక రోజంతా నిన్ను తిట్టుకున్నాను. పావుగంట, పావుగంట అని మిషను కూడా అదే అంటున్నట్టుండేది. మర్నాడు నీ ఉత్తరం పట్టుకుని లాయరమ్మ దగ్గరికి పోయాను. ఆమె బల్ల మీద పోస్టుమార్టం రిపోర్టు నకలుంది. మనకి ఇచ్చి తీరాలట, నెల నుంచి అదిగో ఇదిగో అని తిప్పుతుంటే వెంటపడి తెప్పించింది. ఆ పరీక్ష చేసిన డాక్టరు దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళింది. మెడ మీద పడిన బండతో అక్కడికక్కడే పోయాడు, పావుగంట కాదు పావు నిమిషం కూడా లేదు అన్నాడాయన. ఒళ్ళు వెచ్చగా ఉండటం మామూలేనన్నాడు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఆయన కోసం కొంత, నీ కోసం కొంత.

విన్నావా? నువ్వు చంపలేదు. ఈ ముక్క పదిసార్లు చదువుకో.

నిన్ను అమ్ముడుపోయావన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దదాన్ని కాబట్టి ఇంతకంటే వంగలేను, నడుం నొప్పి.

ఇక కేసు సంగతి. ఇరవై తొమ్మిదిన వాయిదా. నీ ఉత్తరం నీది, నువ్వు ఒప్పుకోకుండా కోర్టుకివ్వను. నువ్వు వచ్చి చెబితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు రాయమంది లాయరమ్మ. ఇంకొకరి బిళ్ళ ముట్టుకోవడం గని నిబంధనల ప్రకారం నేరం. జరిమానా వెయ్యొచ్చు. ఏ గనిలోనూ నిన్ను మళ్ళీ పెట్టుకోకపోవచ్చు. ముందు ఇచ్చిన వాంగ్మూలం చూపించి అబద్ధాలకోరంటారు. ఇవన్నీ తెలిసే రావాలి.

కానీ రా.

వదిన

ఏప్రిల్ 18

వదినా,

నువ్వు చెప్పినట్టే పదిసార్లు చదివాను. షెడ్డు వెనక నిలబడి చదివాను.

కానీ నీ ఉత్తరం నీది అన్నావు కదా. అంటే ఇష్టమైతేనే రమ్మని కదా. ఉత్తరం కోర్టులో ఇచ్చెయ్, నా సంతకం ఉంది, అన్నీ అందులోనే ఉన్నాయి. నా ముఖమెందుకు? వాళ్ళ వకీలు ముందు నిలబడితే నా పేరే మర్చిపోతాను. నిలబడినా, అమ్మకి ముఖమెలా చూపించను?

వంగుడు

ఏప్రిల్ 22

మరిదీ,

ఉత్తరాన్ని ఎదురు ప్రశ్నలడగడం కుదరదట, అందుకని అదొక్కటే చెల్లదట. మనిషి కావాలి.

ఇరవై తొమ్మిది, పదిన్నర. చొక్కా ఇస్త్రీ చేసుకుని రా. మీ అమ్మకి పోయింది చెవులే, చూపు దివ్యంగా ఉంది. నువ్వేమీ చెప్పక్కర్లేదు, కనిపిస్తే చాలంటోంది.

వదిన

మే 2

వదినా,

చెప్పకుండా రైలెక్కాను, తప్పే. బోనులోంచి దిగాక ఆ హాల్లో ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయాను. వరండాలో అమ్మ కనపడింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "చిక్కిపోయావు" అంది.

కేసు నేనే ముంచాను. దుంగల సంగతి, టైము సంగతి చెప్పినంతసేపూ బాగానే చెప్పాను. తర్వాత వాళ్ళ వకీలు లేచాడు. "ఈ ఆచారం ఏ నిబంధనలో ఉంది?" ఎందులోనూ లేదన్నాను. "అంటే కంపెనీ రికార్డుని నువ్వే తారుమారు చేశావు?" అవునన్నాను. "అప్పుడు సంతకం పెట్టింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?" అప్పటిది అన్నాను, తెల్లకాగితం సంగతి నోటికి రాలేదు. "అబద్ధం చెప్పే అలవాటుందన్నమాట" అని కూర్చున్నాడు. హాల్లో ఎవరో నవ్వారు. ఎవరో నీకూ తెలుసు.

నీ మాట విని వచ్చినందుకు బాధ లేదు. అన్నయ్యని రెండోసారి కింద వదిలేసినట్టుంది, దానికే బాధ.

మరిది

మే 10

ఒరేయ్ తొందరపాటు మనిషీ,

ఇంకో గంట ఆగి ఉంటే ఈ ఏడుపు ఉత్తరం రాసేవాడివి కాదు. కేసు మునగలేదు. నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో చెబుతాను, కూర్చుని చదువు.

నీ తర్వాత వాళ్ళ సాక్షి. ఎవరనుకున్నావు? మన ఎదురింటి గుమాస్తా. రిజిస్టరు నిజమైనదేనని చెప్పించడానికి తెచ్చుకున్నారు. ఆయన రిజిస్టరు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. పదకొండూ నలభై అన్నది తన చేతి రాతేనన్నాడు. వాళ్ళ వకీలు చాలన్నాడు. అప్పుడు మన లాయరమ్మ లేచింది.

"బిళ్ళ ఎవరు తగిలించారో చూశారా?"

"చూశానండి. వాళ్ళ తమ్ముడు."

"మరి రిజిస్టర్లో ఎందుకు రాయలేదు?" అంది.

"ఆ గడి లేదండి ఇందులో. బిళ్ళ ఎప్పుడొచ్చిందో రాసే గడి ఉంది. ఎవరు తగిలించారని రాసే గడి లేదు. నన్నెవరూ అడగలేదు కూడా."

"పోయినవాళ్ళ బిళ్ళ ఇలా ఇంకొకరు తగిలించడం మీరింతకు ముందు చూశారా?"

ఆయన ఆఫీసరు వైపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో!

"మా నాన్న బిళ్ళ నేనే తగిలించానండి," అన్నాడు. "అరవై రెండో నంబరు."

చిన్నోడా, హాల్లో వెనక బెంచీల నిండా షిఫ్టు దిగి వచ్చిన మనవాళ్ళే. ఒకాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఇంకొకాయన. ఊరికే నిలబడ్డారు. కూర్చోమని న్యాయాధికారి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇకిలింపు ఆఫీసరు పెదాలు మూస్తే ఎలా ఉంటాడో నేను మొదటిసారి చూశాను. పర్వాలేదు, మనిషిలాగే ఉన్నాడు.

తీర్పు వచ్చే నెల. నువ్వు అన్నయ్యని ఎక్కడా వదిలెయ్యలేదు. నువ్వు చెప్పబట్టే ఆయన చెప్పాడు.

గర్వంతో,
వదిన

జూన్ 21

మరిదీ,

తీర్పు వచ్చింది. గెలిచాం. లాయరమ్మ ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి ఇచ్చింది: "పని చేస్తూ ఉండగా, ఆ పని కారణంగానే మరణించాడు." మీ అమ్మ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. దయతో అన్న మాట ఎక్కడా లేదు, నాలుగుసార్లు వెతికాను. గనిలో కాలు విరిగి ఇంట్లో పడున్నవాళ్ళు ముగ్గురు, సంతకం పెట్టబోయే కాగితాలు పక్కన పెట్టి లాయరమ్మ అడ్రసు అడిగి తీసుకెళ్ళారు.

నీకు చెడు కబురు కూడా ఉంది. లాయరమ్మ భయపడ్డట్టే అయింది. గనుల్లో నిన్నెవరూ పెట్టుకోవద్దని పైనుంచి చెప్పారట. ఇక నీకు ఆకాశమే గతి, అలవాటు చేసుకో. నా మాట విని వచ్చినందుకే నీకీ నష్టం. అది నాకు ముల్లులా ఉంటుంది, ఉండనీ.

నిన్న తనిఖీ అధికారికి ఫిర్యాదు ఇచ్చాను. మూడు రోజులు దుంగలు రాకపోవడం, బోలుగా మోగిన కప్పు, "ఇవాళ్టికి కానివ్వండి" అన్న మాట, పదకొండుంబావుని పన్నెండు చేసిన కాగితం, అన్నీ రాయించాను. సాయంత్రానికి ఆఫీసరు వచ్చాడు. "పరిహారం వస్తోంది కదమ్మా, ఇంకా ఆ ఫిర్యాదుతో మీకేం వస్తుంది?" అన్నాడు. "నాకేమీ రాదండి. మీకు దుంగలొస్తాయి" అన్నాను. ఆ మేకులన్నిటి మీంచీ బిళ్ళలు తీసుకుని రోజూ మనుషులు దిగుతున్నారు కదా, చిన్నోడా. వాళ్ళ పెళ్ళాలందరికీ నా అంత నోరుండకపోవచ్చు.

విచారణకి నిన్ను మళ్ళీ పిలుస్తారు. ఈసారి చెప్పకుండా రైలెక్కితే కాళ్ళు విరగ్గొడతాను.

ఇవాళ పొద్దున లేచేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది. ఇది కంపెనీ క్వార్టరు కాబట్టి నెలలోపు ఖాళీ చెయ్యాలట. లాయరమ్మకి చూపించాను, నకలు తీసుకుని దానికీ దారి ఉందంది. కాగితం మాత్రం మంచి దళసరిది, వెనక వైపంతా తెల్లగా ఉంది, ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను. ఖాళీ చెయ్యమన్నారు. నేను నింపుతున్నాను, తిప్పి చూడు.

వదిన